నేల ఉసిరి లివర్‌ను కాపాడుతుందా? పరీక్షించడం, ప్రమాణీకరించడం ఎలా

ఏటా ప్రాజెక్టుల సీజన్ రాగానే ఒకటే ప్రశ్న. "సార్, నేల ఉసిరి మీద లివర్ ప్రొటెక్షన్ స్టడీ చేద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవాళ్లలో ఎం.ఫార్మసీ విద్యార్థులు ఉంటారు, ఆయుర్వేద పీజీలు ఉంటారు, సొంతంగా చిన్న తయారీ యూనిట్ పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. విడివిడిగా చెప్పిందే చెప్పి అలసిపోయాను కాబట్టి ఈసారి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

దాదాపు అందరూ ముందు అడిగేది ఎలుకల గురించి. ఎన్ని కావాలి, ఎన్ని రోజులు మందు పోయాలి, రక్తం ఎప్పుడు తీయాలి. ఎలుక చివర్లో వస్తుంది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం బోను దగ్గర జరిగినవి కావు. మొక్కను సంచిలో వేసుకున్న రోజే జరిగిపోయినవి.

దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. 1988లో మద్రాస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్, నోబెల్ గ్రహీత బరూచ్ బ్లమ్‌బర్గ్ తదితరులు లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నవాళ్లకు 30 రోజులు నేల ఉసిరి ఇస్తే 37 మందిలో 22 మందికి వైరస్ ఉపరితల యాంటిజెన్ కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో అలా జరిగింది ఒక్కరికే. ప్రపంచమంతా ఉత్సాహపడింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదన్న చర్చలో మొదట వినిపించే అనుమానం ఇదే: అందరూ వాడింది ఒకే మొక్కేనా, ఒకే బలంతో ఉందా? మీ థీసిస్ మీద కూడా ఎగ్జామినర్ అడగబోయేది అదే.

ఇంకో మాట. ఇది ల్యాబ్‌లో పరీక్షించేవాళ్ల కోసం రాసింది. కామెర్లు వచ్చినవాళ్లు దీన్ని చదివి పసరు మందు మొదలుపెట్టకండి. కామెర్లకు కారణాలు చాలా ఉంటాయి, ముందు డాక్టర్‌కు చూపించుకోండి.

కావలసినవి

- పూత, కాయ ఉన్న తాజా మొక్కలు, కనీసం మూడు వేర్వేరు చోట్ల నుంచి
- 10 రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, హెర్బేరియం షీట్లు (ఎండబెట్టిన మొక్కను అంటించి భద్రపరిచే కాగితాలు), పాత వార్తాపత్రికలు
- నీడలో ఆరబెట్టే జాగా, గ్రైండర్, జల్లెడలు, గాలి చొరని డబ్బాలు
- మఫుల్ ఫర్నేస్ (పొడిని బూడిద చేసే కొలిమి), హాట్ ఎయిర్ ఓవెన్, నాలుగు దశాంశాల వరకు తూచే బ్యాలెన్స్
- ఇథనాల్, రోటరీ ఎవాపరేటర్ (ద్రావకాన్ని తక్కువ వేడిలో ఆవిరి చేసే పరికరం)
- హెచ్‌పీటీఎల్‌సీ లేదా హెచ్‌పీఎల్‌సీ (సారంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రాలు, మొదటిది ప్లేటు మీద, రెండోది కాలమ్‌లో), ఈ మొక్కల్లోని రసాయనాలైన ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్, గాలిక్ ఆమ్లం, కొరిలాజిన్‌లకు రిఫరెన్స్ స్టాండర్డ్‌లు (పోలికకు వాడే శుద్ధ నమూనాలు)
- సిలిమారిన్ (లివర్‌ను కాపాడే మందుగా పోలికకు), పారాసిటమాల్ (ఎక్కువ డోసులో లివర్‌ను దెబ్బతీయడానికి), కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ (మందును నీళ్లలో కలిపి పోయడానికి)
- జంతు ప్రయోగం చేస్తే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, అదీ చేతిలో కాగితం రూపంలో

రిఫరెన్స్ స్టాండర్డ్‌లు ఖరీదు. మీ కాలేజీలో లేకపోతే, ఉన్న ల్యాబ్‌తో ముందే మాట్లాడుకోండి. సగం పని అయ్యాక వెతుక్కుంటే టెన్షనే మిగులుతుంది.

1. మొక్క ఏదో ముందు తేల్చుకోండి

మనం నేల ఉసిరి అని పిలిచేది ఒక్క మొక్క కాదు. ఆకుల కింద వరసగా చిన్న కాయలు వేలాడే ఈ జాతి మొక్కలు ఒకే పొలం గట్టు మీద మూడు నాలుగు రకాలు కలిసి పెరుగుతాయి. వానాకాలంలో పీకేవాళ్లు అన్నిటినీ కలిపే పీకుతారు. పాత పరిశోధన పత్రాల్లో కనిపించే ఫిల్లాంథస్ నిరూరి అన్న పేరు ఇంకో గందరగోళం. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. మన దేశంలో ఆ పేరుతో రాసినవి చాలావరకు అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్‌లలో ఏదో ఒకటి.

భూతద్దం పెట్టి పువ్వును చూడండి. తేడా అక్కడే తెలిసిపోతుంది.

- ఫిల్లాంథస్ అమారస్: పువ్వుకు రేకుల్లాంటివి 5. కాయ నున్నగా ఉండి చిన్న కాడతో వేలాడుతుంది.
- ఫిల్లాంథస్ ఫ్రాటెర్నస్, డెబిలిస్: ఇవి 6.
- ఫిల్లాంథస్ యూరినేరియా: కాయకు కాడ దాదాపు ఉండదు, పైన బొడిపెలు ఉంటాయి, తరచూ ఎర్రటి ఛాయ కనిపిస్తుంది.
- ఫిల్లాంథస్ మదరాసపటెన్సిస్: ఆకు మొదట్లో సన్నగా, కొస దగ్గర వెడల్పుగా, చీలమేకులా ఉంటుంది.

పూల కుండీల్లో కలుపుగా మొలిచే ఫిల్లాంథస్ టెనెల్లస్‌కు కూడా 5 ఉంటాయి. అందులో కేసరాలు 5, విడివిడిగా ఉంటాయి. అమారస్‌లో సాధారణంగా 3, అవీ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి రేకుల లెక్కతో ఆగకండి, మగపువ్వును విప్పి చూడండి.

ఒక్కో చోట తెచ్చినదాంట్లోంచి రెండు మొక్కలు వేరు, పువ్వు, కాయతో సహా హెర్బేరియం షీటు చేసి వృక్షశాస్త్రజ్ఞుడితో గుర్తింపు రాయించుకోండి. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. విశ్వవిద్యాలయాల బోటనీ విభాగాల్లోనూ హెర్బేరియంలు ఉంటాయి. వోచర్ నంబరు (ఆ షీటుకు హెర్బేరియం ఇచ్చే నంబరు) లేని థీసిస్‌ను ఎవరూ నమ్మక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆయుర్వేదిక్ ఫార్మకోపియా ఆఫ్ ఇండియాలో (ఆయుర్వేద మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) తామలకీ, అంటే నేల ఉసిరి పేరుతో ఉన్న మోనోగ్రాఫ్ (ఒక్కో మూలికకు రాసిన ప్రమాణాలు) ఫ్రాటెర్నస్‌ది. మీరు అమారస్ మీద పనిచేస్తూ "ఫార్మకోపియా ప్రమాణాలకు సరిపోయింది" అని రాస్తే అది వేరే మొక్క ప్రమాణం. ఏ జాతి మీద పనిచేస్తున్నారో, ఏ మోనోగ్రాఫ్‌తో పోలుస్తున్నారో రెండూ స్పష్టంగా రాయండి.

బజారు పొడితో పని చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నేనొకసారి చేశాను. ఎండుమూలికల దుకాణంలో రెండు కిలోలు కొని, సారం తీసి, ప్లేటు నడిపితే ఫిల్లాంథిన్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. పద్ధతిలోనే తప్పనుకుని మూడు వారాలు ద్రావకాలు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి మిగిలిన ముక్కలను నీళ్లలో నానబెట్టి భూతద్దం కింద పెడితే కాయలన్నీ బొడిపెలవే. అది యూరినేరియా. పొడిగా కొంటే ఈ చిన్న అవకాశం కూడా ఉండదు. తప్పనిసరై కొనాల్సివస్తే మొక్కలుగానే కొనండి.

2. ఆరబెట్టడం, పొడి చేయడం

మట్టి పోయేలా వేళ్లను గబగబా కడగండి, నానబెట్టొద్దు. నీడలో, గాలి ఆడేచోట పలుచగా పరచండి. ఎండలో పెడితే ఆకు రంగు పోతుంది, రసాయనాలూ పాడవుతాయి. కుప్పగా పోస్తే అడుగున బూజు పడుతుంది. కాడ విరిస్తే టప్పున విరగాలి, అప్పుడే ఆరినట్టు.

ఎండిన మొక్కను కదిపితే ఆకులు రాలిపోతాయి. వాటిని ఊడ్చి పారేయడం చాలా ల్యాబుల్లో చూశాను. ఫిల్లాంథిన్ ఎక్కువగా ఉండేది ఆకులోనే, కాండంలో చాలా తక్కువ. రాలిన ఆకు పోతే మీ మందులో సారం పోయినట్టే. గుడ్డ పరచి దాని మీదే ఆరబెట్టండి. ఆకు, కాండం, వేరు ఏ పాళ్లలో ఉన్నాయో ఒకసారి విడదీసి తూచి రాసుకోండి. రెండు బ్యాచ్‌లకు ఫలితాలు ఎందుకు తేడా వచ్చాయో సగంసార్లు ఆ తూకమే చెబుతుంది.

పొడి మరీ మెత్తగా వద్దు, వడపోతలో కాగితం మూసుకుపోతుంది. జల్లెడ నంబరు రాసుకోండి.

3. ప్రాథమిక పరీక్షలు

ఇవి మామూలువే, ఫార్మకోపియాలో పద్ధతి అంతా ఉంది. పరాయి పదార్థం, తేమ, మొత్తం బూడిద, ఆమ్లంలో కరగని బూడిద, ఆల్కహాల్‌లో కరిగే సారం, నీటిలో కరిగే సారం. ప్రతిదీ మూడుసార్లు చేయండి.

ఆమ్లంలో కరగని బూడిద ఎక్కువ వచ్చిందంటే ఇసుక ఉన్నట్టు. నేలకు దగ్గరగా పెరిగే చిన్న మొక్క కాబట్టి వేళ్లు సరిగ్గా కడగకపోతే ఇది ఖాయం. బూడిద చేసేటప్పుడు వేడి 450 డిగ్రీలు దాటనివ్వకండి, నల్లటి మచ్చలు పోయి తెల్లబడేదాకా ఉంచండి.

సారం లెక్కలో ఎక్కువమంది తడబడతారు. 5 గ్రాముల పొడిని 100 మి.లీ. ఆల్కహాల్‌లో 24 గంటలు ఉంచుతారు: మొదటి 6 గంటలు మధ్యమధ్య కదుపుతూ, తర్వాత 18 గంటలు కదపకుండా. వడకట్టి 25 మి.లీ. ఆవిరి చేసి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూస్తారు. 0.12 గ్రాములు వచ్చిందనుకోండి. 100 మి.లీ.లో 0.48 గ్రాములు. అది 5 గ్రాముల నుంచి వచ్చింది కాబట్టి 9.6 శాతం. నాలుగుతో గుణించడం మర్చిపోయి 2.4 శాతం అని రాసిన రికార్డులు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి.

భార లోహాలు, సూక్ష్మజీవులు, పురుగుమందుల అవశేషాలు, అఫ్లటాక్సిన్‌లకు బయటి ల్యాబ్‌కు పంపడమే మేలు. లోహాల గరిష్ఠ హద్దులు గుర్తుపెట్టుకోండి: సీసం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. రోడ్డు పక్కన, పత్తి చేల గట్ల మీద మొక్కలు ఏరితే ఈ రిపోర్టు చూసి బాధపడాల్సి వస్తుంది. లివర్‌ను కాపాడే మందులో లివర్‌ను దెబ్బతీసే లోహం ఉంటే ఎలుక ఏం చెప్పినా లాభం లేదు.

4. సారం తీయడం

100 గ్రాముల పొడికి 1 లీటరు 70 శాతం ఇథనాల్. మామూలు గది వేడిలో 24 గంటలు నానబెట్టి వడకట్టండి, అదే పొడితో ఇంకా రెండుసార్లు చేయండి. మూడూ కలిపి రోటరీ ఎవాపరేటర్‌లో 50 డిగ్రీలు దాటకుండా చిక్కబరచి, వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టి తూచండి. 100 గ్రాములకు ఎంత సారం వచ్చిందో ఆ శాతం తర్వాత డోసు లెక్కకు తప్పకుండా కావాలి.

సాక్స్‌లెట్ (వేడి ద్రావకాన్ని పొడి మీదుగా మళ్లీ మళ్లీ తిప్పే పరికరం) వాడొచ్చా? వాడొచ్చు, కానీ గంటల తరబడి వేడికి టానిన్‌లు (మొక్కలోని వగరు పదార్థాలు) విరిగిపోతాయి. సంప్రదాయంలో లాగా కషాయం కావాలనుకుంటే నీటితోనే కాయండి. రెండూ వేర్వేరు మందులని మాత్రం గుర్తుంచుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ఆరిన సారం గాలిలోని తేమను పీల్చి బంకగా అవుతుంది. చిన్న సీసాల్లో పంచి, మూత బిగించి, సిలికా జెల్ మధ్య ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకే పెద్ద డబ్బాలో పెట్టి రోజూ తెరిస్తే పదో రోజుకు మీరు తూచేది సగం నీళ్లు.

5. మార్కర్‌ను సరిగ్గా ఎంచుకోండి

ప్రమాణీకరణ అంటే తేలిక మాటల్లో ఇంతే: ఏ బ్యాచ్ తీసుకున్నా అందులో ఫలానా పదార్థం ఫలానా హద్దుల్లో ఉందని చూపగలగడం. ఆ ఫలానా పదార్థమే మార్కర్.

నేల ఉసిరి అనగానే అందరూ ఫిల్లాంథిన్ అంటారు. అమారస్‌కు అది మంచి మార్కరే. జాతి గుర్తింపుకూ పనికొస్తుంది, ఎందుకంటే ఫ్రాటెర్నస్, యూరినేరియాలలో అది లేకపోవడమో, చాలా తక్కువ ఉండడమో జరుగుతుంది. కానీ ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ లిగ్నాన్‌లు అనే వర్గానివి, నీటిలో సరిగ్గా కరగవు. కషాయం చేసి అందులో ఫిల్లాంథిన్ వెతికేవాళ్లు ఖాళీ ప్లేటు చూసి హైరానా పడుతుంటారు. కషాయంలోకి దిగేది టానిన్ వర్గం: జెరానిన్, కొరిలాజిన్, గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం. నీటి సారానికి వాటిలోంచి మార్కర్ తీసుకోండి. 70 శాతం ఇథనాల్ సారానికి రెండు వర్గాల నుంచీ ఒక్కొక్కటి పెట్టుకోండి.

గాలిక్ ఆమ్లం ఒక్కటే పెట్టుకోవద్దు. అది చాలా మొక్కల్లో ఉంటుంది. పైగా జెరానిన్ వేడికి విరిగి కొరిలాజిన్, ఎల్లాజిక్ ఆమ్లం, గాలిక్ ఆమ్లాలుగా మారుతుంది. కాబట్టి నిల్వలో గాలిక్ ఆమ్లం పెరుగుతోందంటే మందు బలపడుతోందని కాదు, విరిగిపోతోందని.

హెచ్‌పీటీఎల్‌సీకి ఇలా మొదలుపెట్టండి: సిలికా జెల్ ప్లేటు, హెక్సేన్, టోలీన్, ఇథైల్ ఎసిటేట్ 2:2:1 పాళ్లలో, ఆరాక వానిలిన్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడి చేయడం. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ మచ్చలు దగ్గరదగ్గరగా వస్తాయి. అవి అంటుకుపోతే ఇథైల్ ఎసిటేట్ కొద్దిగా తగ్గించి చూడండి. చాంబర్‌ను ద్రావకం ఆవిరితో ముందే నింపుకోకపోతే రోజుకో చోట మచ్చ తేలుతుంది.

హెచ్‌పీఎల్‌సీ ఉంటే సీ18 కాలమ్, అసిటోనైట్రైల్‌తో నీరు, 230 నానోమీటర్ల దగ్గర కొలత. ఫిల్లాంథిన్‌కు కనీసం 5 గాఢతల దగ్గర కొలత ఎంత వస్తోందో చూసి గీత గీయండి. తర్వాత, తెలిసిన మోతాదు ఫిల్లాంథిన్‌ను సారంలో 80, 100, 120 శాతం స్థాయిల్లో అదనంగా కలిపి ఎంత తిరిగి వస్తోందో చూడండి. 95 నుంచి 105 శాతం మధ్య వస్తే పద్ధతిని నమ్మొచ్చు. ఈ రికవరీ పరీక్షను విద్యార్థులు ఎగ్గొడతారు, ఎగ్జామినర్లు అడుగుతారు.

6. హద్దులు పెట్టడం

ఒక్క బ్యాచ్ చేసి "ఫిల్లాంథిన్ ఇంత శాతం, ప్రమాణీకరించాం" అని రాయకండి. అది కొలత, ప్రమాణం కాదు. కనీసం మూడు చోట్ల నుంచి, వీలైతే సీజన్ మొదట్లో, చివర్లో తెచ్చిన మొక్కలతో సారాలు తీసి, అన్నిటినీ కొలిచి, ఆ తేడాలను చూశాకే కనిష్ఠ హద్దు పెట్టండి. ఒక సారాన్ని 40 డిగ్రీలు, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచి నెలనెలా కొలవండి. ప్రాజెక్టుకు అంత టైం లేకపోతే 3 నెలలు చేసి, 3 నెలలే చేశామని రాయండి.

జంతు ప్రయోగానికి ఈ మూడింటిలో ఒక బ్యాచ్‌ను ఎంచుకుని, మొత్తం ప్రయోగం దానితోనే నడపండి. మధ్యలో అయిపోతుందేమో ముందే లెక్క వేసుకోండి.

7. అనుమతి, విషగుణం పరీక్ష

జంతు ప్రయోగాలను మన దేశంలో సీసీఎస్ఈఏ అనే కేంద్ర ప్రభుత్వ కమిటీ పర్యవేక్షిస్తుంది, మొన్నటిదాకా సీపీసీఎస్ఈఏ అన్నది దీన్నే. మీ సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీకి ఫారం బి పెట్టి, ఆమోదం వచ్చాకే ఎలుకలకు ఆర్డర్ ఇవ్వండి. పని అయ్యాక పాత తేదీతో అనుమతి తెచ్చుకుందాంలే అనే ఆలోచన వద్దే వద్దు.

తీవ్ర విషగుణానికి ఓఈసీడీ 423 అనే అంతర్జాతీయ మార్గదర్శక పద్ధతి చాలు. దశకు 3 ఎలుకలు, సాధారణంగా ఆడవి, 14 రోజుల పరిశీలన. విషం లేదని ఆధారాలు ఉన్న సారాన్ని కిలో బరువుకు 2000 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టవచ్చు. చనిపోలేదు కదా అని ఊరుకోకుండా రోజూ బరువు తూచండి.

8. ప్రయోగం రూపు

పారాసిటమాల్ నమూనాతో చెబుతాను, ఎక్కువమంది చేసేది ఇదే. 150 నుంచి 200 గ్రాముల విస్టార్ రకం ల్యాబ్ ఎలుకలు, గుంపుకు 6.

- మొదటి గుంపు: కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ ద్రావణం మాత్రమే
- రెండో గుంపు: అదే ద్రావణం, చివర్లో పారాసిటమాల్
- మూడో గుంపు: సిలిమారిన్ కిలో బరువుకు 100 మి.గ్రా., చివర్లో పారాసిటమాల్
- నాలుగు, ఐదు, ఆరు: సారం మూడు డోసుల్లో, చివర్లో పారాసిటమాల్
- ఏడో గుంపు: పెద్ద డోసు సారం ఒక్కటే

ఏడో గుంపు వృథా అని తీసేయాలని చూస్తారు. తీసేయొద్దు. సారమే లివర్‌ను ఇబ్బంది పెడుతోందేమో చెప్పేది అదొక్కటే.

డోసు దగ్గర ఆగి ఆలోచించండి. అందరూ 200, 400 అని రాసేస్తారు, ఎందుకంటే ముందువాళ్లు అలా రాశారు. లెక్క వేయండి. 60 కిలోల మనిషి రోజుకు 3 గ్రాముల పొడి తీసుకుంటాడనుకుందాం. కిలోకు 50 మి.గ్రా. ఎలుకకు మార్చడానికి 6.2తో గుణిస్తే 310 మి.గ్రా. పొడి. మీ సారం 12 శాతం వచ్చి ఉంటే 310లో 12 శాతం, అంటే దాదాపు 37 మి.గ్రా. సారం. అప్పుడు 40, 80, 160 డోసులు అర్థవంతం. 400 మి.గ్రా. సారం ఇచ్చి ఫలితం వచ్చిందంటే, ఆ మనిషి రోజుకు 32 గ్రాముల పొడి మింగాలన్నమాట.

7 రోజులు రోజూ ఒకే సమయానికి మందు పోయండి. చివరి రోజు ముందు రాత్రి అన్ని గుంపులనూ ఒకే అన్ని గంటలు పస్తు ఉంచండి. పస్తుతో లివర్‌లో గ్లూటాథయోన్ (విషాన్ని విరిచే పదార్థం) తగ్గి పారాసిటమాల్ దెబ్బ పెరుగుతుంది. ఒక గుంపు 12 గంటలు, ఇంకోటి 16 గంటలు పస్తుంటే మీరు చూసే తేడా మందుది కాదు, తిండిది. చివరి డోసు ఇచ్చిన గంటకు కిలోకు 2 గ్రాముల పారాసిటమాల్ నోటి ద్వారా ఇవ్వండి. చిట్టెలుకలైతే 300 మి.గ్రా. దగ్గరే దెబ్బ తగులుతుంది, అవి చాలా సున్నితం.

పారాసిటమాల్ అంత గాఢతలో కరగదు, అడుగున పేరుకుంటుంది. ప్రతి ఎలుకకూ ముందు కలియబెట్టండి. లేదంటే మొదటి ఎలుకకు నీళ్లు, చివరి ఎలుకకు ముద్ద వెళ్తుంది.

సారం కరగట్లేదని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కలపొద్దు. పారాసిటమాల్‌ను విషపదార్థంగా మార్చే లివర్ ఎంజైమును డీఎంఎస్ఓ స్వయంగా అడ్డుకుంటుంది. అప్పుడు లివర్‌ను కాపాడింది మీ మొక్క కాదు, మీ ద్రావకం.

మీ సారం కూడా అదే పని చేస్తూ ఉండొచ్చు, లేదా పారాసిటమాల్ ఒంటబట్టడాన్నే ఆలస్యం చేస్తూ ఉండొచ్చు. ఇది తేల్చాలంటే, వీలైతే పారాసిటమాల్ ఇచ్చాక రెండు మూడు గంటలకు సారం మొదలుపెట్టే ఒక గుంపు కూడా అనుమతిలోనే అడిగి పెట్టుకోండి. అందులోనూ ఫలితం వస్తే మాట బలంగా నిలుస్తుంది.

విషంగా పారాసిటమాల్ బదులు కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడదామనుకుంటే, ఆలివ్ నూనెతో సమపాళ్లలో కలిపి ఇస్తారు. దాని ఆవిరి మీ లివర్‌కూ మంచిది కాదు, ఫ్యూమ్ హుడ్ లేకుండా సీసా మూత తీయొద్దు.

9. రక్తం, లివర్ నమూనాలు

24 గంటలకు రక్తం తీసి సీరం వేరుచేయండి. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బిలిరుబిన్, ఆల్బుమిన్ చూడండి. సీరం ఎర్రగా ఉందంటే రక్తకణాలు పగిలాయి, ఎస్‌జీఓటీ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఆ నమూనా పక్కన గుర్తు పెట్టుకోండి. లివర్ గురించి మాట్లాడేటప్పుడు ఎస్‌జీపీటీకి ఎక్కువ విలువ ఇవ్వండి. ఎస్‌జీఓటీ కండరంలో, గుండెలో కూడా ఉంటుంది.

లివర్‌ను తీసిన వెంటనే తూచి, అన్ని ఎలుకల్లోనూ ఒకే లోబ్ నుంచి 5 మి.మీ.కు మించని మందంతో ముక్క కోసి 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. ఫార్మలిన్ ముక్కకు పది రెట్లు ఉండాలి. మిగతా భాగాన్ని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80లో పెట్టండి. ఐసు మీద వదిలేసి టీకి వెళ్లి వచ్చేసరికి గ్లూటాథయోన్ పడిపోతుంది.

స్లయిడ్‌లు చూసే పాథాలజిస్టుకు గుంపు పేర్లు తెలియకూడదు. మీరే కోడ్ నంబర్లు వేసి ఇవ్వండి. "సారం గుంపులో మెరుగ్గా ఉంది" అన్న వాక్యం కాకుండా 0 నుంచి 4 దాకా స్కోరు అడగండి. పారాసిటమాల్ దెబ్బ మధ్య సిర చుట్టూ ఉండే కణాల్లో మొదలవుతుంది. అక్కడ చూడమని చెప్పండి.

10. ఫలితం నమ్మదగ్గదేనా?

లెక్కలకు కూర్చునే ముందు వరసగా ఇవి చూడండి.

రెండో గుంపులో ఎస్‌జీపీటీ మామూలు గుంపు కంటే కొన్ని రెట్లు పెరిగిందా? పెరగకపోతే విషమే పనిచేయలేదు, కాపాడడానికి ఏమీ లేదు. ప్రయోగం మళ్లీ చేయాలి. అందుకే ముందు రెండు మూడు ఎలుకలతో పారాసిటమాల్ డోసు సరిచూసుకోమంటాను.

సిలిమారిన్ పనిచేసిందా? అదే చేయకపోతే సారం ఫలితం ఎంత బాగున్నా పక్కన పెట్టండి.

డోసు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతోందా? చిన్న డోసు అద్భుతం, పెద్ద డోసు సున్నా అయితే సీసాల లేబుళ్లు తారుమారయ్యాయేమో చూడండి. నిజంగానే అలా అయ్యింది, మా దగ్గరే.

రక్తం చెప్పేది, స్లయిడు చెప్పేది ఒకటేనా? ఎంజైములు తగ్గి, కణజాలం మాత్రం చచ్చిపడి ఉంటే సంబరపడకండి.

రక్షణ శాతం ఇలా వేయండి: విషం గుంపు విలువలోంచి సారం గుంపు విలువ తీసేసి, దాన్ని విషం గుంపుకూ మామూలు గుంపుకూ ఉన్న తేడాతో భాగించి 100తో గుణించాలి. మామూలు 40, విషం 240, సారం 90 అయితే 150ను 200తో భాగిస్తే 75 శాతం. అనోవా (గుంపుల సగటుల తేడాను పరీక్షించే గణాంక పద్ధతి) చేసి, విషం గుంపుతో పోలికకు డన్నెట్ పరీక్ష. సగటు మాత్రమే కాక ఒక్కో ఎలుక విలువనూ చుక్కలుగా చూపండి. ఆరులో ఒక్క ఎలుక వల్లే సగటు మారిందా అన్నది చుక్కల్లో దాగదు.

ఎలుకలు వద్దనుకుంటే

అనుమతి రాకపోయినా, జంతువులను వాడడం ఇష్టం లేకపోయినా 6వ మెట్టు దాకా చేసినదే మంచి థీసిస్ అవుతుంది. కణాలతో చేయాలనుకుంటే ఒక హెచ్చరిక. అందరికీ దొరికే హెప్‌జీ2 (ల్యాబ్‌లో పెంచే మానవ లివర్ కణాలు) కణాల్లో పారాసిటమాల్‌ను విషంగా మార్చే ఎంజైములు చాలా తక్కువ, కాబట్టి ఆ నమూనా అక్కడ సరిగ్గా నడవదు. హెపాఆర్‌జీ కణాలు మేలు, లేదా విషంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది తీసుకోండి. కణాలు బతికి ఉన్నాయో లేదో రంగుతో చెప్పే ఎంటీటీ పరీక్షలో ఇంకో మోసం ఉంది. సారంలోని పాలీఫినాల్స్ కణాలు లేకపోయినా ఎంటీటీని ఊదా రంగులోకి మార్చేస్తాయి. కణాలు లేని గుంటలో సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. అక్కడా రంగు వస్తే, కొలిచే ముందు సారాన్ని కడిగేయండి.

డీపీపీహెచ్ పరీక్షలో యాంటీఆక్సిడెంట్ గుణం వచ్చింది కాబట్టి లివర్‌ను కాపాడుతుందని రాయొచ్చా? రాయకూడదు. టీ డికాషన్‌కు కూడా ఆ పరీక్షలో మంచి మార్కులే వస్తాయి.

అన్నీ అయ్యాక మిగిలిన మొక్క పొడి, సారం పారేయకండి. ఒక్కోదాన్ని 50 గ్రాముల పొడి, 5 గ్రాముల సారం చొప్పున విడిగా మూత బిగించి, జాతి పేరు, వోచర్ నంబరు, ఏరిన ఊరు, తేదీ, సారం శాతం, ఫిల్లాంథిన్ శాతం లేబుల్ మీద పెన్సిల్‌తో రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది.